తీసేసిన తరంగం

మద్దిలేటి చెయ్యి పైకి లేచినప్పుడు ఈరన్న నవ్వుతూనే ఉన్నాడు.

బేతంచెర్ల పక్కనున్న నాపరాళ్ల పాలిష్ యార్డు అది. లారీకి ఎక్కించడానికి నిలువుగా పేర్చిన బండల వరుసకు ఆనించిన కర్రను ఈరన్న ఎవరికీ చెప్పకుండా లాగేశాడు. వరుస ఒరిగింది. అటుపక్క వంగి తాడు ముడేస్తున్న ముసలి హమాలీ గెంతకపోతే నడుము విరిగేది. బండలు పగిలి, కత్తుల్లాంటి అంచులతో ఆ చుట్టూ చెల్లాచెదురుగా పడ్డాయి. యార్డు మేస్త్రీ మద్దిలేటి పరుగున వచ్చాడు. ఈరన్న అతని భార్య సుంకులమ్మకు తమ్ముడు.

"కండ్లు యాడ పెట్టుకున్యావురా నా కొడకా! మనిషి సచ్చిపోయుంటే?"

"సావలేదు గదా బావా. ఏంటికి అంత ఎగురుతావు?" అన్నాడు ఈరన్న, తలపాగా దులుపుకుంటూ. "ఈ ఇనప చెయ్యి తగిలించుకున్యాక నీకు కోపం గూడా కరెంటుతోనే వస్తాండాది."

హమాలీలు పగలబడి నవ్వారు. మద్దిలేటి కుడిచెయ్యి లేచింది. రెండేళ్ల కిందట కోత మిషన్లో పోయిన చేతికి బదులుగా కర్నూలు పరిశోధనాశాలలో ఈమధ్యే అమర్చిన చెయ్యి అది. మోచేయి పైనుంచి వేళ్ల దాకా లోహమే.

ఈరన్న చెంప చూపించాడు. "ఈ పక్కా, ఆ పక్కా? నీ చెయ్యి నా దాకా వచ్చేలోపల నేను పోయి టీ తాగొస్తా పో."

ఆ యార్డులో ఎవరైనా అలాగే నిలబడేవారు. మద్దిలేటి కోపం అందరికీ తెలుసు, దాని హద్దు కూడా తెలుసు. చెయ్యి ఎత్తుతాడు, విసురుగా దించుతాడు, మనిషికి జానెడు దూరంలో ఆపేస్తాడు. ఆగిన చెయ్యి కాసేపు వణుకుతుంది. తరువాత దాన్ని తన తొడకేసి కొట్టుకుని వెళ్లిపోతాడు. మిషన్లో పోయిన చెయ్యి ఇరవై ఏళ్లు అలాగే ఆగింది. అతని కన్నబిడ్డలు సైతం ఆ చెయ్యి చూసి రెప్ప వేసేవారు కాదు.

ఈరన్న కూడా రెప్ప వేయలేదు.

చెయ్యి ఆగలేదు. తడి బండ పగిలినట్టు చప్పుడైంది. ఈరన్న దవడ పక్కకు జరిగిపోయింది. నవ్వు ఇంకా పూర్తిగా పోని ముఖంతోనే అతను వెల్లకిలా పడ్డాడు. చెయ్యి మళ్లీ లేచింది. మళ్లీ దిగింది. మద్దిలేటి పళ్లు బిగపట్టి ఉన్నాడు, మెడ నరాలు తాళ్లలా తేలాయి, నోట మాట లేదు. మూడో దెబ్బ రెండోదానికంటే గట్టిగా పడింది. హమాలీలు ఆ చేతికి వేలాడారు. ఒకడు ఎగిరి బండల మీద పడ్డాడు, మోకాలిచిప్ప చీలింది. చివరికి ముసలి హమాలీ మద్దిలేటి వీపుకు కట్టిన బ్యాటరీ తీగను పట్టుకుని పెరికాడు.

చెయ్యి బరువుగా వేలాడిపోయింది. మద్దిలేటి కింద ఉన్నదాన్ని అప్పుడు చూశాడు. గుర్తుపట్టడానికి తలపాగా ఒక్కటే మిగిలింది.

*

ఆ చేతికి ప్రాణం పోసిన వాళ్లలో మద్దిలేటి చెల్లెలు సుబ్బరత్న ఒకతి. పరిశోధనాశాలలో సంకేతాల విభాగం ఆమెది.

చెయ్యి చేయగల పనులు ఎన్నో. పట్టుకోవడం, ఎత్తడం, విసరడం, తిప్పడం. ప్రతి పనికీ భుజంలోని నరాలు ఒక్కో ఆకారపు తరంగాన్ని పంపుతాయి. భుజానికి అంటించిన పట్టీ వాటిని పసిగట్టి రేడియోలో చేతికి చెప్పాలి. అన్ని తరంగాలనూ ఉన్నవున్నట్టు పంపితే బ్యాటరీ పూట కూడా రాదు. అందుకని పరిశోధనాశాల వాళ్లు ఒక పని చేశారు. మొదటి తరంగాన్ని, అంటే చెయ్యి విసిరి కొట్టేదాన్ని, అలాగే ఉంచుకున్నారు. రెండోదాన్ని తీసుకుని, దానిలో మొదటిదాని పోలిక ఎంతుందో కొలిచి, అంతా తీసేశారు. మిగిలినదాన్ని రెండో ఆధారం అనుకున్నారు. మూడోదానిలోంచి ఆ రెండింటి పోలికలూ తీసేశారు. అలా వడకట్టుకుంటూ పోతే, ఒకదానితో ఒకటి ఏమాత్రం కలవని తరంగాలు నాలుగు మిగిలాయి. ఏ కదలికనైనా ఆ నాలుగింటినీ తగిన పాళ్లలో కలిపి తయారు చేయవచ్చు. కనుక పట్టీ నాలుగు అంకెలు పంపితే చాలు. బ్యాటరీ రోజంతా వచ్చేది. దేశంలో ఎవరూ అంత చవగ్గా, అంత తేలిగ్గా చెయ్యి చేయలేకపోయారు.

పోలీసులు తెచ్చిన చెయ్యిలోని మెమరీని విభాగం అధిపతి మార్కండేయులు స్వయంగా తెరిచాడు.

"చూడమ్మా," అన్నాడు. అతని గొంతులో కాఠిన్యం లేదు, అలసట ఉంది. "మొదటి అంకె చూడు. కొట్టే తరంగం. ఒక్కో దెబ్బకీ పెరుగుతూ పోయింది. కొట్టమన్నాడు, కొట్టింది. చెయ్యిలో లోపం లేదు."

"మా అన్న ఎప్పుడూ ఎవర్నీ కొట్టలేదు సార్."

"ఎప్పుడూ కొట్టని చెయ్యి మిషన్లో పోయింది కదా. ఇది కొత్త చెయ్యి. బలం వచ్చాక మనిషి మారతాడు. పోలీసులకు నేను ఇదే రాసిస్తాను, తప్పదు."

*

బెయిలు మీద వచ్చిన మద్దిలేటిని ఊళ్లోకి రానివ్వలేదు. ఈరన్న తరఫు వాళ్లు అతని ఇంటి తలుపులు గొడ్డళ్లతో నరికారు, దూలానికి నిప్పు పెట్టారు. అతను కర్నూల్లో చెల్లెలి అద్దె ఇంట్లో, ఒక మూల గోడవైపు తిరిగి కూర్చునేవాడు. చొక్కా కుడిచెయ్యి ఖాళీగా వేలాడేది.

కర్మ అయిన మరునాడు సుంకులమ్మ వచ్చింది. చెప్పులు విడవలేదు, గడప దాటలేదు.

"లోపలికి రా ఒదినా," అంది సుబ్బరత్న.

"రాను. ఒక్క మాట అడిగి పోతా." ఆమె మొగుడి వీపు వైపు చూసింది. "ఏమయ్యా. ఆ పొద్దు నువ్వు ఆపాలని సూసినావా, లేదా?"

మద్దిలేటి తిరగలేదు.

"నిన్నే. నా తమ్ముడు పారిపోకుండా నిలబడినాడంట. నవ్వినాడంట. వాడు నిన్ను నమ్మినాడు. ఆ నమ్మకం నిజమా, అబద్ధమా? అదొక్కటి చెప్పు. ఆనక నిన్ను ఉరేస్తే ఏడుస్తాను, ఇడిస్తే మొగం సూడకుండా పోతాను. అదే కావాల నాకు."

"నాకే తెల్దు," అన్నాడు మద్దిలేటి, గోడ వైపే చూస్తూ. "ఆపినా అనుకున్యా. ఎంత గట్టిగా ఆపితే అంత గట్టిగా పడింది. అట్ల యాడన్నా ఉంటుందా? నాయన చెయ్యే నాలో ఉండాదేమో సుంకులూ. ఇన్నాళ్లూ దానికి సందు దొరకలేదేమో."

సుబ్బరత్న కళ్లు దించుకుంది. వాళ్ల నాయన చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. చింతబరికె విరిగితే పలుపుతాడు, తాడు తెగితే రోకలి. ఒకరోజు అమ్మ చెవిలోంచి రక్తం కారి, ఆ చెవి శాశ్వతంగా పోయింది. అడ్డం పోయిన మద్దిలేటి పక్కటెముకలు రెండు విరిగాయి. ఆ మంచం మీదినుంచి లేచాకే అతని చెయ్యి జానెడు దూరంలో ఆగడం నేర్చుకుంది. కోపం తగ్గించుకోవడం అతనికి ఎప్పటికీ చేతకాలేదు. ఆపడం ఒక్కటే చేతనైంది.

"తెల్దంటే ఎట్ల?" అంది సుంకులమ్మ. "నీ చెయ్యి నీకే తెల్దా?"

*

ఎంత గట్టిగా ఆపితే అంత గట్టిగా పడింది. ఆ మాట సుబ్బరత్నను వదల్లేదు.

అలాంటి చేతులు పెట్టుకున్నవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ల ఫిర్యాదులన్నీ వెతికితే ఒకటి దొరికింది. నంద్యాల పక్క ఊళ్లో ఒకామె, పాలు పిండుతుండగా కాలు విదిల్చిన బర్రెను అదిలించబోయి దాని దవడ విరగ్గొట్టింది. బర్రె పొద్దుగూకేదాకా అరిచి అరిచి చచ్చిపోయింది. "ఊరికె బెదిరించనీకే ఎత్తినా మేడం, పెంచుకున్న గొడ్డును కొడతానా?" అని ఆమె ఏడ్చిందట. బలం సరిచేసుకోవడం తెలియలేదని రాసి పక్కన పడేశారు.

చెయ్యి తయారీకి మొదట్లో నమోదు చేసుకున్న తరంగాలను సుబ్బరత్న మళ్లీ తెరిచింది. చెయ్యి ఎత్తి, దించుతూ మధ్యలో ఆపడం కూడా అప్పట్లో తీసుకున్న కదలికల్లో ఉంది. దానిలోంచి నాలుగు ఆధారాల పోలికలూ తీసేస్తే తెర మీద చీమ నడిచినంత అల మిగిలింది. దాన్ని పనికిరాని రొద అనుకున్నారు. ఐదో ఆధారం పెట్టుకుంటే బ్యాటరీ దండగ అని మార్కండేయులు కొట్టేశాడు. ఎవరూ కాదనలేదు.

ఆ తరంగాలు ఇచ్చిందెవరు? పరిశోధనాశాలలోని వాళ్లే, సుబ్బరత్నతో సహా. భుజానికి పట్టీలు అంటించుకుని, ఒక రబ్బరు బొమ్మ ముందు వరుసలో నిలబడి, ఒకరి తరువాత ఒకరు చెయ్యి ఎత్తి ఆపారు. ఎత్తేటప్పుడు ఒకడు జోకు వేశాడు, మిగతావాళ్లు నవ్వారు. రబ్బరు బొమ్మ మీద ఎవరికి కోపం వస్తుంది? కోపమే లేనిచోట ఆపడానికి ఏముంటుంది?

ఆమె మార్కండేయులుతో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపలేదు. "అయితే చూపించు," అన్నాడు. "మీ అన్న భుజంలో ఆ తరంగం ఉందని చూపించు. నా రిపోర్టు నేనే చించేస్తాను."

మరునాడు తెల్లవారగానే మద్దిలేటిని పిలిపించారు. పట్టీకి తీగ కలిపి, భుజంలో పుట్టే తరంగాన్ని వడకట్టక ముందే తెర మీద చూసే ఏర్పాటు చేశారు. చెయ్యి తగిలించకుండా రబ్బరు బొమ్మ ముందు నిలబెట్టారు. ఏమీ రాలేదు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి తిట్టించారు. కోపం లేచింది, కొట్టే తరంగం లేచింది, ఐదోది కదల్లేదు.

"చెయ్యే ల్యాకపాయె," అన్నాడు మద్దిలేటి మెల్లగా. "దేన్ని ఆపుకోవాల నేను?"

గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న సుంకులమ్మ లోపలికి వచ్చింది. ఆమెను సుబ్బరత్నే పిలిచింది. తనకు అర్థమైంది అర్థమైనట్టు చెప్పాలనుకుంది.

కిటికీలోంచి పొద్దుటి ఎండ గోడ మీద పడుతోంది. సుబ్బరత్న ఒక పుల్లను గోడకు సమాంతరంగా పట్టుకుంది. నీడ పొడుగ్గా పడింది. పుల్లను మెల్లగా ఎండ వైపు తిప్పింది. నీడ కుంచించుకుపోయి చుక్క అయింది.

"పుల్ల చిన్నదైందా ఒదినా?"

"లేదు. తిరుక్కుంది."

"ఆ చెయ్యికి కనిపించేది గోడ మీద నీడ ఒక్కటే. కోపం గోడ ఎంబడి ఉంటుంది. ఆపుకోవడం ఎండ పక్కకు ఉంటుంది. ఎంత పొడుగున్నా గోడకు తెల్దు. అన్న ఆపినప్పుడు పుల్ల పూర్తిగా ఎండ వైపు లేదు, ఏటవాలుగా ఉండాది. సగం కోపం, సగం ఆపడం. ఆపేకొద్దీ పుల్ల పెరిగింది, పుల్లతో పాటు నీడా పెరిగింది. చెయ్యి నీడను సూసి ఇంకా కొట్టమంటాండాడు అనుకుంది. ఇది నేననుకుంటున్నదే. ఉందని చూపించలేకపోతున్నా."

సుంకులమ్మ గోడ మీది చుక్కను చూస్తూ నిలబడింది. "చెయ్యి తగిలిస్తే కనపడుతుందా?"

"తగిలిస్తే ఎదురుగా ఉన్నోళ్లు బతకరు."

"నీ చేతిలో ఆపే మీట ఉంటాది గదా?"

"ఉంటాది. కానీ తరంగం కనపడకముందే నొక్కితే ఏమీ తెల్దు. కనపడినాక నొక్కితే..."

"కనపడినాకే నొక్కు," అంది సుంకులమ్మ, కుర్చీ లాక్కుని మద్దిలేటి ఎదురుగా వేస్తూ. "ఎవరో పరాయోళ్లు తిడితే ఆయప్పకు కోపం రాదు. ఎక్కడ పొడిస్తే వస్తాదో నాకు తెల్సు."

మార్కండేయులు ముందుకు వచ్చాడు. "ఏమ్మా, ఇది నేను ఒప్పుకోను. మీకేమైనా అయితే..."

"అయ్యేది మా ఇంట్లో అయిపోయింది సారూ. మీరు పక్కకు నిలబడండి."

*

చెయ్యి తగిలించారు. మద్దిలేటి వద్దు వద్దంటూనే ఉన్నాడు. సుబ్బరత్న ఎర్ర మీట మీద బొటనవేలు పెట్టుకుంది. ఆమె కళ్లు తెర మీద ఉన్నాయి. ఐదు గీతలు. నాలుగు ఆధారాలు, కింద తీసేసినది.

"మీ నాయనకు మందు పోసినా, తద్దినం పెట్టినా ఆ రాకాసి రగతం యాడికి పోతాది?" అని మొదలుపెట్టింది సుంకులమ్మ. "మీ అమ్మ చెవి పగిలినప్పుడు నువ్వు అడ్డం పోయినానని ఊరంతా చెప్పుకుంటివే. అబద్ధం. నువ్వు పక్కన నిలబడి సూసినావు. నేర్చుకున్యావు."

"సుంకులూ!"

"నేర్చుకోని దాచుకున్యావు. ఇరవై ఏండ్లు మాకు నాటకం ఆడి సూపించినావు. సందు సూసుకోని నా తమ్ముణ్ని, నా చేత్తో అన్నం తిని పెరిగిన పిల్లోన్ని, మీ నాయన మీ అమ్మను కొట్టినట్టే కొట్టినావు. మీ అమ్మ గూడా అదే అనుకోని సచ్చింటాది, వీడూ వానికి పుట్టినోడే అని."

మొదటి గీత లేచింది. చెయ్యి లేచింది. మద్దిలేటి ముఖం నల్లబడింది. కండ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"లెయ్! లేచి పో!" అని అరిచాడు. "రత్నా, దీన్ని లేపు!"

సుంకులమ్మ లేవలేదు. కానీ ఆమెకు భయం తెలుసు. చేతులు కుర్చీ అంచును బిగించి పట్టుకున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి, తెరుచుకుంటున్నాయి.

చెయ్యి దిగడం మొదలైంది. సుబ్బరత్న బొటనవేలు బిగుసుకుంది. కింది గీత కదల్లేదు. ఒక్క ఊపిరి. ఇంకొంచెం. అప్పుడు అది లేచింది. చీమ నడక కాదు. తెర పైఅంచు దాకా లేచింది, మిగతా నాలుగూ దాని ముందు గడ్డిపరకల్లా కనిపించాయి. భుజం మొత్తం, ఒళ్లు మొత్తం ఆగమని ఒకే మాట చెబుతోంది. ఆ వెంటే మొదటి గీత కూడా ఎగబాకింది, తను పుల్లతో చూపినట్టే.

సుబ్బరత్న మీట నొక్కింది.

చెయ్యిలో కరెంటు పోయింది. బరువు పోలేదు. దిగుతున్న లోహం దిగుతున్న వేగంతోనే సుంకులమ్మ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. ఆమె కుర్చీతో సహా పక్కకు ఒరిగింది. తెల్లటి ఎముక మొన రవికను చీల్చుకుని బయటికి వచ్చింది. నేల మీద రక్తం పాయలుగా పారింది. మద్దిలేటి తన భుజానికున్న బెల్టులను పళ్లతో, ఎడమచేత్తో పీక్కుంటూ జంతువులా అరుస్తున్నాడు.

సుబ్బరత్న ఆమె పక్కన కూలబడి కొంగుతో గాయాన్ని అదిమింది.

"వచ్చిందా?" అంది సుంకులమ్మ. పెదాలు తెల్లబడ్డాయి.

"వచ్చింది ఒదినా. శానా పెద్దది."

"సత్యంగా?"

"సత్యంగా. తెర పట్టలేదు."

సుంకులమ్మ కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "అయితే వాడు తప్పు నమ్మలేదు," అంది. కళ్లు తెరవకుండానే, "ఏమయ్యా, అరవద్దు. ఇట్లొచ్చి కూసో. నా మీద చెయ్యి మాత్రం ఎయ్యొద్దు. ఇంగ ఎప్పటికీ ఎయ్యొద్దు. ఊరికె కూసో," అంది.

అతను వచ్చి, జానెడు కంటే చాలా దూరంలో కూర్చున్నాడు.

*

అంబులెన్సు ఆమెను తీసుకుపోయింది. మద్దిలేటి వెనక ఆటోలో వెళ్లాడు. గదిలో మార్కండేయులు తెర ముందు నిలబడి ఉన్నాడు. రిపోర్టు చించుతానన్న మనిషి చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

"ఐదోది కలపాలంటే చెయ్యి లోపలున్నదంతా మార్చాలి," అన్నాడు. "నెలలు పడుతుంది. బ్యాటరీ సగం పూట కూడా రాదు. అందరినీ ఒకేసారి భయపెడితే..."

సుబ్బరత్న వినలేదు. చేతులకు అంటిన రక్తాన్ని చీర కుచ్చిళ్లకు తుడుచుకుని, ఫోను అందుకుని, చేతులు పెట్టుకున్న వాళ్ల నంబర్లు ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది. చెయ్యి విప్పెయ్యమంటే ఒకతను తిట్టాడు. ఒకతను ఆరు బస్తాల సిమెంటు దించి విప్పుతానన్నాడు, ఆమె వినకపోతే విసుక్కుంటూ విప్పాడు. ఒకరి ఫోను మోగి మోగి ఆగిపోయింది, ఆమె మళ్లీ నొక్కింది.

డోన్ దగ్గర ఒక పల్లెలో ఒకామె ఎత్తింది. వెనక చిన్నపిల్ల గునుస్తోంది.

"చెప్పండి మేడం."

"అక్కా, చెయ్యి విప్పి కింద పెట్టు."

"పాపకు జడేస్తాండా మేడం. ఇస్కూలుకు టైమయింది, ఒకటే కదలతాండాది. అయినంక విప్పుతా. కదలొద్దంటే ఇనవేం మే, ఒకటిచ్చినానంటే..."

"అక్కా!" సుబ్బరత్న అరిచింది. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. "ఆ చెయ్యి ఎత్తొద్దు. పాపను ఇడ్సిపెట్టు. దూరం జరుగు. ఇప్పుడే విప్పు, నేను ఫోను పెట్టను."

అవతల ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడు. బెల్టు కొక్కేలు ఒకటి, తరువాత ఒకటి. బరువైనదేదో నేల మీద ఆనింది.

"పెట్టినా మేడం," అంది ఆమె, దూరం నుంచి, బెదిరిన గొంతుతో.

ఆ వెనకే పాప గొంతు వినిపించింది.

"మా, ఇంగో జడ ఎవరేస్తారు?"